గోరింక కోసం మూడు కొట్లు

మా అక్క జూలో పక్షులకు మేత వేస్తుంది. పందొమ్మిదేళ్లుగా అదే పని. నెల కిందట అక్కడ కొండ గోరింక ఒకటి మాయమైంది. పంజరం తాళంచెవి ఉండేది అక్క దగ్గరే. మొన్న, వారంలోగా సరైన సంజాయిషీ ఇవ్వకపోతే ఉద్యోగం ఊడుతుందని కాగితం చేతిలో పెట్టారు.

అక్క అలాంటిది కాదని అందరితోనూ పోట్లాడాను. కానీ ఆ పక్షి పోయిన దగ్గర్నుంచి సెలవు రోజొస్తే చాలు, పెంపుడు జంతువులమ్మే కొట్ల చుట్టూ తిరుగుతోంది. జూకి వచ్చేవాడు పక్షిని చూస్తాడు, కొట్టుకి వచ్చేవాడు ధర చూస్తాడు అంటూ ఆ కొట్లను తిట్టిపోసే మనిషి! కొంపదీసి అమ్మినచోటికే పోతోందా?

ఆ రోజు భుజాన గుడ్డసంచీ తగిలించుకుంది.

"ఎక్కడికక్కా?"

"ఊరికే."

ఊరికే వెళ్లేవాళ్లు సంచీని చంటిపిల్లలా పట్టుకుంటారా? కుట్టుమిషన్ కట్టేసి వెనకాలే నడిచాను.

రెండు కొట్లలోకి ఇలా వెళ్లి అలా వచ్చేసింది. మూడోది ఇరుకు కొట్టు, లోపలంతా తడి ఈకల కంపు. జూలో టికెట్టు కొని దర్జాగా చూస్తాం. ఇక్కడ టికెట్టు లేదు గానీ, అడుగు పెట్టగానే కొట్టువాడి చూపు మన చేతుల మీదే. నేను చేపల తొట్టి చాటున నక్కాను.

అక్క సంచీలోంచి రేకుడబ్బా తీసి, అంచు మీద చెంచాతో రెండుసార్లు కొట్టింది. జూలో మేత వేసేముందు రోజూ అలాగే కొడుతుంది. పక్షులన్నీ బెదిరి వెనక్కి పోయాయి. మూల పంజరంలోని గోరింక మాత్రం ఊచల దగ్గరికి గెంతి నోరు తెరిచింది. అక్క డబ్బాలోని బొప్పాయి ముక్క అందించింది.

"ఇదెక్కడిది?"

"మా ఇంట్లో పుట్టిందేనమ్మా!"

"కోతలు కొయ్యకు. మీ ఇంట్లో పుట్టింది నా డబ్బా చప్పుడుకి ఎందుకొస్తుంది? పోలీసుల్ని పిలవనా?"

వాడు నిజం కక్కేశాడు. తెచ్చిచ్చింది జూ మేత గోదాము గుమాస్తా అట. వాడి దగ్గర మారు తాళంచెవి ఉందట.

నాకు ప్రాణం లేచొచ్చింది. ఒళ్లు మరిచిపోయి "అక్కా!" అంటూ పరిగెత్తాను.

"చూశావటే, దొరికింది!" అని నా చెయ్యి పట్టుకుంది. అంతలోనే వదిలేసింది. "నువ్వెప్పుడొచ్చావే?"

"ఇప్పుడే... ఇటుగా పోతూ."

"ఇటుగా పోయేవాళ్లు తొట్టి చాటున నక్కుతారటే?"

సిగ్గుతో చచ్చిపోయాను.

"మా ఆఫీసరు నన్ను దొంగన్నాడంటే సరే, నేనెవరో ఆయనకేం తెలుసు?" అక్క గొంతు బాగా తగ్గిపోయింది. "నీకేమైందే?"

గోరింక ఇంకో ముక్క కోసం అరిచింది. అక్క దానివైపు తిరిగింది. నేనెంత పిలిచినా మళ్లీ నావైపు చూడలేదు.