చూడడానికే కోసిన కడుపు

మొన్న ఖమ్మంలో మా తమ్ముడి కూతుర్ని చూడడానికి వట్టి చేతులతో వెళ్ళాను. మరదలికి నచ్చలేదు. "పిల్లకు పానం బాగలేదంటే ఒక పండన్నా తేకపోతివేంది వదినా" అని దెప్పింది. పిల్లకు మెడలో గడ్డ. లింఫ్ గ్రంథుల క్యాన్సర్. హైదరాబాదులో స్కాన్ మిషన్‌లో కాసేపు పడుకోబెట్టి, రోగం ఎక్కడెక్కడ ఉందో చూసి పంపించారు. అదే జబ్బు దాని వయసులో నాకూ వచ్చింది. అప్పుడు ఇలాంటి మిషన్లు లేవు. నాకు కడుపు కోసి చూశారు.

ఆ రోజుల్లో అదే పద్ధతి. రోగం మెడ దగ్గరే ఆగిందో, పొట్టలోకి దిగిందో తేలితేగాని, కరెంటు పెడితే చాలునా, మందులూ ఎక్కించాలా అని డాక్టర్లకు తెలిసేది కాదు. రేడియేషన్‌ని మా వైపు కరెంటు అనే అంటారు. అందుకని రొమ్ము కింది నుంచి బొడ్డు దాటేదాకా కోసి, ప్లీహం మొత్తం, కాలేయంలో చిన్న ముక్క, లోపలి గ్రంథులు నాలుగైదు తీసి పరీక్షకు పంపారు. ఇదంతా మా నాన్నకు చెప్పే ఉంటారు. భయంలో ఆయన చెవికెక్కింది ఒక్కటే: గడ్డ తీయలేదు, కడుపు కోసి కుట్టేశారు. మా వైపు ఆ మాటకు అర్థం డాక్టర్లు చేతులెత్తేశారని.

మా ఊరు ములకలపల్లికి కబురు పోయింది. మూడో రోజుకల్లా చుట్టాలు దవాఖానాలో దిగారు. కడసారి చూపుకు వచ్చేవాళ్ళు మనిషికి ఇష్టమైనవి వండి తేవడం మా ఇళ్ళల్లో ఆనవాయితీ. నాటుకోడి కూర, అరిసెలు, మా పెద్దమ్మ చేతి గారెలు. నాకేమో మంచినీళ్ళ చుక్క కూడా పట్టొద్దన్నారు. ఆ గిన్నెల వరుస చూశాకే నేను చచ్చిపోతున్నానని నాకు తెలిసింది. కూర వాసనకు నోరూరుతూనే ఉంది, కళ్ళు కారుతూనే ఉన్నాయి.

అందరికన్నా వెనక మా మేనత్త వచ్చింది, వట్టి చేతులతో. నా ముఖం చూసి తిన్నగా డాక్టరు గదిలోకి పోయింది. ఆమె గొంతు వార్డంతటికీ వినిపించింది. "గడ్డ మెడకాడుంటే కడుపెందుకు కోసిండ్రు సారూ? ఏం చేయలేక కుట్టేసిండ్రా?" ఆయన ఓపిగ్గా కాగితం మీద మనిషి బొమ్మ గీసి, నడుమ అడ్డగీత కొట్టాడట. రోగం ఆ గీత కిందికి దిగిందో లేదో వారంలో తెలుస్తుందన్నాడట. మేనత్త ఆ కాగితం పట్టుకొచ్చి చుట్టాల ముందు పరిచింది. "చూడనీకే కోసిండ్రు. పిల్ల బతకదని ఎవ్వరూ చెప్పలే. తెచ్చినయి మీరే తినుండ్రి, జల్దీ!" పాపం, అందరూ వరండాలో తలలు వంచుకుని తిన్నారు. పెద్దమ్మ కూర రెండోసారి వడ్డించుకోవడం నా మంచం మీదికి కనిపించింది కూడా.

ఆ వారమంతా మేనత్త నా పక్కనే ఉంది. గీత కింద ఏమీ లేదని తేలింది. కరెంటుతోనే నయమైంది.

ఇదంతా విన్నాక మరదలు పండు మాట మళ్ళీ ఎత్తలేదు. పిల్ల మాత్రం "మచ్చ చూపియ్ అత్తా" అంది. చూపించాను. మా మేనత్త ఇప్పుడు లేదు. నా ముందు ఇంకా బోలెడు కాలం ఉందని ఆ రోజు నమ్మింది ఆమె ఒక్కతే. ఆ కాలమే మొన్న నేను పిల్లకు పట్టుకెళ్ళింది.