మూడు మడతల దుప్పటి

ఆ ఆసుపత్రి లాండ్రీలో సూది గుచ్చుకున్నవాళ్లకు రక్తపరీక్ష ఉచితమే. కాకపోతే ముందు ఒక కాగితం మీద సంతకం పెట్టాలి. అందులో అచ్చువేసిన వాక్యం ఒకటుంది: ‘ఇది నా అజాగ్రత్త వల్ల జరిగింది.’ పదకొండేళ్లలో దుప్పట్లక్క దాని కింద ఆరుసార్లు సంతకం పెట్టింది. పైన వార్డులో ఎవరో వాడి, పరుపు మీదే వదిలేసి, దుప్పటిలో చుట్టేసి పంపిన సూదికి కింద నేలమాళిగలో ఉన్న ఈమె అజాగ్రత్త ఎలా కారణమైందో ఎవరూ అడగలేదు. ఆమె కూడా అడగలేదు. వాదనకు దిగితే పరీక్ష ఆలస్యమవుతుందని, సంతకం గీకేసి వచ్చేది.

ఆమె అసలు పేరు హాజరుపట్టీలో ఉంటుంది. మిగతా అందరికీ దుప్పట్లక్కే. వార్డుల నుంచి వచ్చిన సంచులు విప్పి, రక్తం మరకలున్నవి ఒకవైపు, మామూలుగా మాసినవి ఒకవైపు వేయడం ఆమె పని. ఆ గుట్టల్లోంచి కత్తెరలు తీసింది, కట్టుడుపళ్లు తీసింది. ఒకసారి మోగుతున్న ఫోను తీసి, అవతలున్న కొడుక్కి ధైర్యం చెబుతూనే మెట్లెక్కి, దాన్ని వార్డులో ఉన్న అతని తల్లి చేతిలో పెట్టి వచ్చింది. చేతులకు తొడుగులిస్తారు, ఉల్లిపొరలాంటివి. సూదికి అవొక లెక్కా?

ఏడోసారి గుచ్చుకున్నది ఆమెకు కాదు, ఆమె తోటికోడలికి. ఈ పనిలో చేర్పించింది తనే. ఎండనపడి తిరగక్కర్లేదు, నీడపట్టున ఉంటావని నచ్చజెప్పి మరీ తెచ్చింది. తోటికోడలూ ఆ కాగితం మీద సంతకం పెట్టింది. పరీక్షలు మూడు విడతలు, మూడు నెలల దాకా ఏ సంగతీ తేలదన్నారు. పనిలో అందరితో నవ్వుతూనే ఉండేది గానీ, ఇంట్లో తన గ్లాసు విడిగా పెట్టుకోవడం మొదలుపెట్టింది. తన చంటిదాన్ని ముద్దుపెట్టుకోవడం మానేసింది. అలా అంటుకోదని డాక్టరు చెప్పినా భయం పోలేదు.

అది చూశాక దుప్పట్లక్క, చేతులకు గుచ్చుకునే ఈ సూదుల సంగతి పైవాళ్లతోనే తేల్చుకోవాలనుకుంది.

లాండ్రీ సూపర్‌వైజరు చెడ్డవాడు కాదు, భయస్తుడు. ఒక ఉపాయం చెప్పడానికి నెలవారీ మీటింగులో తనకు ఐదు నిమిషాలు ఇప్పించమని అడిగితే ఎగాదిగా చూశాడు.

“పైవాళ్లకి నువ్వు ఉపాయం చెప్తావా? అక్కడ చదువుకున్నవాళ్లు తక్కువయ్యారా?”

“చదువుకున్నవాళ్లకి తక్కువేం లేదు సార్. దుప్పటి విప్పినవాళ్లే లేరు.”

ఆయన రెండువారాలు నానబెట్టి, చివరికి ఇప్పించాడు. భర్త ఇచ్చిన సలహా ఒక్కటే: యంత్రాల చప్పుడుకు అలవాటుపడ్డ గొంతు నీది, అక్కడ కాస్త తగ్గించు, లేకపోతే తగాదాకొచ్చావనుకుంటారు.

ఆమె ఉపాయం చిన్నది. వార్డులో దుప్పటి నాలుగు కొసలూ లోపలికి లాగి, మూటచేసి సంచిలో పడేస్తారు. మూటకట్టే ముందు అక్కడే ఒక్కసారి దులిపితే ఉన్నదంతా బయటపడుతుంది కదా!

మీటింగు గదిలో పెద్ద డాక్టరు, మేట్రన్, ఒక పరిపాలనాధికారి ఉన్నారు. ఆమె పొడవాటి బల్లమీద దుప్పటి పరిచింది. దానిమీద వాడని కొత్త సూది ఒకటి మూత తీసి పెట్టింది. పెద్ద డాక్టరుగారి కళ్లజోడు అడిగి తీసుకుని అదీ పెట్టింది. వార్డులో తీసినట్టే తీయమని మేట్రన్‌ను అడిగింది. రెప్పపాటులో మూట తయారైంది.

“ఇప్పుడు మీ కళ్లజోడు తీసుకోండి సార్.”

పెద్ద డాక్టరు చెయ్యి చాచి, మూట దగ్గర ఆగిపోయారు. “సూది ఎటుపక్కనుంది?”

“తెలీదండీ. రోజూ మాకూ తెలీదు.”

పెద్ద డాక్టరు చెయ్యి వెనక్కి తీసుకున్నారు. దుప్పట్లక్క అక్కడితో ఆగినా బాగుండేది. అందుకే ఇలా చేయాలంటూ ఆమె మూట విప్పి, రెండు కొసలు పట్టుకుని, పదకొండేళ్ల బలంతో ఒక్క దులుపు దులిపింది. బట్ట చేతికొస్తే దులపకుండా ఉండలేని చేతులవి. కళ్లజోడు ఎగిరి మేట్రన్ ఒళ్లో పడింది. సూది మాత్రం ఎక్కడా కనపడలేదు. అందరూ కాళ్లు పైకెత్తుకుని కూర్చున్నారు. కాసేపటికి అది అధికారి బూటు పక్కన దొరికింది.

మేట్రన్‌కు ఒళ్లు మండింది. “వార్డులో దుప్పటి దులపకూడదని మొదటిరోజే నేర్పుతాం. రోగమంతా గాల్లోకి లేస్తుంది. పక్క మంచాల మీద నిన్న ఆపరేషనైనవాళ్లు ఉంటారమ్మా. నీ చేతులు కాపాడుకోడానికి వాళ్లని బలిపెడతావా?”

అందులో అబద్ధం లేదు. అధికారి అప్పుడే ఫైలు మూస్తున్నాడు. దుప్పట్లక్కకు ఇంట్లో విడిగా పెట్టిన గ్లాసు గుర్తొచ్చింది.

“మీరన్నది నిజం మేడమ్. నాకది తెలీదు. దులపకుండా ఎలా తీయాలో మీరే చెప్పండి. మీకు మంచం సంగతి తెలుసు, నాకు దుప్పటి సంగతి తెలుసు.”

మేట్రన్ లేచి బల్లకు అటువైపు నిలబడింది. మళ్లీ దుప్పటి పరిచి, ఈసారి సూదినీ కళ్లజోడునూ దాని ముడతల్లో దాచారు. తలవైపు అంచు నెమ్మదిగా మధ్యకు మడిచి చూశారు. కాళ్లవైపు అంచు మడవబోతే సూది బయటపడింది, తీసి ఒక గట్టి డబ్బాలో వేశారు. మిగిలింది పక్కకు మడుస్తుంటే కళ్లజోడు కనిపించింది. మూడు మడతలైనా దుమ్ము లేవలేదు. అధికారి గడియారం చూసి, మంచానికి ఇరవై సెకన్లు ఎక్కువ పడుతుందని నసిగాడు.

“ఆ ఇరవై సెకన్లు మావాళ్లు ఇస్తారు,” అంది మేట్రన్.

వెళ్లేముందు దుప్పట్లక్క ఆ కాగితంలోని వాక్యం కూడా తీసేయమంది. పెద్ద డాక్టరు ఆలోచిద్దామన్నారు. నాకు తెలిసి ఆ ఆలోచన ఇంకా సాగుతూనే ఉంది. ఆమె కూడా నెలనెలా అడుగుతూనే ఉంది.

మడత మాత్రం రెండు వార్డుల్లో మొదలై అన్నిచోట్లకూ పాకింది. నాలుగు నెలల్లో లాండ్రీకి దిగిన సూది ఒక్కటే. అదీ ఎవరికీ గుచ్చుకోలేదు. తోటికోడలి మూడో పరీక్షలోనూ ఏమీ లేదని తేలింది. ఆ సాయంత్రం చంటిదాన్ని ఎంత గట్టిగా హత్తుకుందంటే, అది గింజుకుని ఏడ్చింది. ఇప్పుడు వార్డుల్లో కొత్తగా చేరినవాళ్లకు మడత నేర్పేది దుప్పట్లక్కే. ఆమె పాఠం రెండంతస్తుల దాకా వినపడుతుందని మేట్రన్ వేళాకోళమాడుతుంది. దుప్పట్లక్క ఏమీ అనుకోదు. పని అయ్యాక చేతులు కడుక్కుని, తుడుచుకుని, నిశ్చింతగా ఇంటికెళుతుంది.

చదువుతున్న మీతో ఒక మాట. మీవాళ్లెవరైనా ఆసుపత్రిలో ఉంటే, దుప్పటి తీసేముందు మంచం మీద ఏముందో చూసి నర్సుకు చెప్పండి. ఇంట్లో వాడిన సూది, బ్లేడు, పగిలిన గాజు చెత్తలో కలపకండి. గట్టి డబ్బాలో వేసి, మూతపెట్టి, లోపల ఏముందో పైన రాసివ్వండి. మీ చెత్త ఎత్తే మనిషిని ఈ వారమే ఆపి, మా ఇంటి నుంచి వచ్చేదాంట్లో మీ చేతికి ఏం తగులుతోందని అడగండి. ఇక మీరు కుర్చీలో ఉన్నవాళ్లయితే, మీ దగ్గర పనిచేసేవాళ్లకు ఐదు నిమిషాలు ఇవ్వండి. మొదటి ఉపాయం బెడిసికొడితే ఫైలు మూయకండి. రెండోది కూడా వినండి.