వాము నూనె బావ

మా అక్కమొగుడు గదిలోకి రాకముందే వాసన వచ్చేది. వాము నూనె, లవంగ నూనె, దాల్చినచెక్క నూనె. చొక్కా జేబులో ఎప్పుడూ ఓ సీసా. ఉన్న ఉద్యోగం మానేసి, బ్రాయిలర్ కోళ్ళ దాణాలో మందుల బదులు ఈ నూనెలు కలపమంటూ ఫారం ఫారానికీ తిరిగేవాడు. "పేగులు శుభ్రపడతాయి, తిన్నది ఒంటికి పడుతుంది" అని మొదలెట్టాడంటే వినేవాడి చెవులు చిల్లులు పడాల్సిందే. అన్నం తింటున్నా కోడి పేగుల గురించే. అక్క మాత్రం నోరు మెదపకుండా కుట్టుమిషన్ తొక్కి ఇల్లు నెట్టుకొచ్చేది. నాకు ఒళ్ళు మండేది.

చివరికి మా అమ్మ పనిచేసే కోళ్ళఫారం యజమాని ఒప్పుకున్నాడు. ఒక షెడ్డుకి నూనె కలిపిన దాణా, పక్క షెడ్డుకి ఉత్త దాణా. నూనె తిన్నవి ఎక్కువ తూగితే దాణా చూసుకునే ఉద్యోగం బావకే. ఆ మాట విని అక్క చాలా రోజులకి నవ్వింది.

రెండు షెడ్లకీ మేత వేసేది అమ్మే. "చుక్క కూడా వృథా పోకూడదు అత్తయ్యా" అని బావ పదేపదే చెప్పాడు. పక్క షెడ్డుకి ఎందుకు వేయకూడదో మాత్రం చెప్పలేదు. ఆవిడకి అంత వివరం దండగ అనుకున్నాడు కాబోలు, మహానుభావుడు.

తూకం రోజున అక్కా, నేనూ కూడా ఫారానికి వెళ్ళాం. రెండు షెడ్ల కోళ్ళూ ఇంచుమించు ఒకే బరువు తూగాయి. బావ మొహం మాడిపోయింది.

"ఇదేంటమ్మా, అన్నీ ఒకేలా పెరిగాయే?" అన్నాడు యజమాని.

"రెండింటికీ సగం సగం కలిపానండీ," అంది అమ్మ గర్వంగా. "అవి మాత్రం ఏం పాపం చేశాయి? సవతిపిల్లల్లా చూడ్డానికి మనసొప్పలేదు."

బావకి పోయిన ప్రాణం లేచొచ్చింది. "అదీ సంగతి! పరీక్ష పాడైందండీ. నూనె తినని కోళ్ళే లేకపోతే దేంతో పోలుస్తాం?"

"అంటే ఇవి నూనె వల్ల పెరిగాయో, మామూలుగానే పెరిగాయో చెప్పలేవన్నమాట."

"ఎలా చెప్పగలనండీ?"

"ఇలా పక్కపక్కన పెట్టి ఇంతకుముందు ఎక్కడైనా చూశావా?"

"లేదండీ, ఇదే మొదలు."

"మరి ఇన్నాళ్ళూ అందరికీ ఎలా చెప్పుకొచ్చావయ్యా?"

బావ జేబులో సీసా తీసి అటూ ఇటూ తిప్పాడు. నా కసి తీరా నవ్వుదామనుకున్నాను గానీ, షెడ్డు గుమ్మం దగ్గర నిలబడ్డ అక్కని చూసి ఆపుకున్నాను.

"చెప్పండి బాబూ, మీకు తెలియనిదేముంది?" అంది అమ్మ, అల్లుడి మీద కొండంత నమ్మకంతో.

బావ సీసాని మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. యజమాని కొత్త కోడిపిల్లలకి పాత మందులే తెమ్మని పనివాళ్ళకి పురమాయించాడు. అక్క బావ కోసం ఆగకుండా ఇంటిదారి పట్టింది.