పేరు పెట్టి ఏడవని ఇల్లు

గంగాభవాని గ్రామసేవిక. తెనాలిలో పుట్టి, రేపల్లె దిగువన ఉన్న సముద్రపు పాలేలకు ఉద్యోగానికి వచ్చింది. పొగలేని పొయ్యి ఎలా కట్టుకోవాలో, బిడ్డకు గంజి ఎప్పుడు మొదలుపెట్టాలో, మశూచి టీకా ఎందుకు వేయించాలో ఇంటింటికీ తిరిగి చెప్పడం ఆమె పని. చెప్పడం ఆమెకు బాగా వచ్చు. బడిపంతులు కూతురు; పాలెంలో అందరూ ఆమెను పంతులమ్మ అనే పిలిచేవారు. ఎదుటివాళ్ళ మాట సగంలో ఉండగానే ఈమె సలహా బయల్దేరేది.

ఆ సలహాయే ఒకచోట వికటించింది. పాలెంలో రత్తాలు కొడుకు ఏడాది నిండకుండానే జ్వరంతో పోయాడు. భవాని వెళ్ళి, "ఊరుకో రత్తాలూ, చిన్నదానివి, మళ్ళీ పుడతాడు" అంది. అందరూ అనే మాటే. రత్తాలు లేచి లోపలికి పోయింది. అప్పటినుంచి ఎవరితోనూ మాట్లాడటం మానేసింది. పని చేస్తుంది, పెట్టింది తింటుంది. మాట లేదు. అత్త సుబ్బాయమ్మ దారిలో కనిపించినప్పుడల్లా ఒకటే అనేది: "నా కోడలు నోరు విప్పితే చాలు తల్లీ. నన్ను తిట్టినా సరే."

పంతొమ్మిదివందల అరవై ఎనిమిదిలో, వానలు వెనకబట్టాక, గ్రామసేవికలకు బాపట్లలో పునశ్చరణ తరగతులు పెట్టారు. పిల్లల తల్లులు మళ్ళీ బల్లల మీద కూర్చోవడం. కొందరికి అది సెలవు, కొందరికి శిక్ష. భవానికి ఇష్టం. డెబ్భైల్లో కూడా, బాపట్ల నుంచి పిలుపు వస్తే అందరికంటే ముందు సంచి సర్దుకునేది ఆమే. ఎవరో కాచిన కాఫీ తాగి, ఎవరో చెప్పేది వింటూ కూర్చోవడం ఆమెకు పండగలా ఉండేది.

ఆ ఏడు పాఠం చెప్పిన కామేశ్వరమ్మగారు మద్రాసులో సమాజసేవ చదివిన మనిషి.

"దుఃఖంలో ఉన్నవాళ్ళకి సలహా ఇవ్వకండి. వాళ్ళన్న మాటనే మెల్లగా తిరిగి చెప్పండి. మీరు విన్నారని వాళ్ళకి నమ్మకం కుదురుతుంది" అని, ఇద్దరిద్దరిని జత చేసి అభ్యాసం చేయించారు. భవానికి చుండూరు నుంచి వచ్చిన కోటిరత్నం జతపడింది.

"నాకు ఒంట్లో బాగోలేదండి" అంది కోటిరత్నం, మొహం వేలాడేసి.

"మీకు ఒంట్లో బాగోలేదు" అంది భవాని.

"రాత్రంతా నిద్ర లేదండి."

"రాత్రంతా మీకు నిద్ర లేదు."

"ఏంటండీ, మీకేమన్నా చెవుడా?"

గది గొల్లుమంది. కామేశ్వరమ్మగారూ నవ్వారు.

"నవ్వండి. కాని ఊళ్ళో ఒక్కసారి చేసి చూసి, ఏం జరిగిందో వచ్చే తరగతుల్లో చెప్పండి. ఈ పద్ధతి చెప్పిన పుస్తకం ఎక్కడో పైదేశంలో రాశారు. మనకెంతవరకు పనికొస్తుందో నాకూ తెలియాలిగా."

తిరుగు ప్రయాణంలో కోటిరత్నం చుండూరులో దిగిపోయింది. భవాని తెనాలిలో బండి మారి రేపల్లె ప్యాసింజరు ఎక్కింది. జంపని స్టేషను దాటినా అదే ఆలోచన. సలహా ఇవ్వకూడదు. అన్నదే అనాలి. అసలు ఏమీ అనని మనిషికి ఏం తిరిగి చెప్పాలి? దానికి పాఠంలో జవాబు లేదు.

పాలెం చేరేసరికి రత్తాలు ఇంటి ముందు ఎండుచేపలు తిరగేస్తోంది. సుబ్బాయమ్మ గడపలో కూర్చుని బియ్యం ఏరుతోంది. మామ ఇంటి వెనక వల బాగుచేసుకుంటున్నాడు. భవాని రత్తాలు పక్కన కూర్చుని తనూ చేపలు తిరగేసింది.

కాకి ఒకటి వచ్చి చేపల మీద వాలింది.

"ఛీ, సిగ్గులేని కాకి!" అంది రత్తాలు.

ఎన్నాళ్ళకో ఒక మాట. భవానికి పాఠం గుర్తుకొచ్చింది.

"కాకికి సిగ్గు లేదంటున్నావు" అంది మెల్లగా.

రత్తాలు చేతిలో చేప చేతిలోనే ఆగింది.

"ఏంటి పంతులమ్మా, వెక్కిరిస్తన్నావా? నా మాట నాకే అప్పజెప్తన్నావ్! రైలెక్కిచ్చి మీకు నేర్పింది ఇదేనా? దీనికి మళ్ళీ జీతం కూడానా! బిడ్డ పోయినదాన్ని వెక్కిరించే కాడికొచ్చిందా నీ చదువు?"

ఒకరన్న మాట ఇంకొకరు తిరిగి అంటే అది వెక్కిరింతే. పిల్లలు కొట్టుకునే ముందు చేసేది అదే. చిన్నప్పటినుంచీ తెలిసిన సంగతి బాపట్ల గదిలో భవానికి ఎందుకో తట్టలేదు.

సుబ్బాయమ్మ మాత్రం చేట వదిలేసి రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది.

"తిట్టిందే తల్లీ! మా రత్తాలు తిట్టింది! ఇంకా తిట్టవే అమ్మా, పంతులమ్మ ఏమనుకోదు!"

"నువ్వూరుకో అత్తా" అంది రత్తాలు. ఆ తర్వాత ఆమె మాట ఆగలేదు.

భవానికి తిరిగి చెప్పడానికి భయం. సలహాకు సిగ్గు. ఇక మిగిలింది ఊఁ కొట్టడం. ఊఁ కొట్టింది. బిడ్డ ఎండ్రకాయ వెనక పాకిన సంగతి, తల్లి గంపెత్తుకుంటే కొంగు పట్టుకుని వేలాడిన సంగతి, ఒకటొకటే వచ్చాయి. ఒకచోట భవాని ఊఁ అనడం మరిచింది.

"వింటన్నావా?"

"వింటున్నా."

"మరి ఊఁ కొట్టు." కాస్త ఆగి రత్తాలు అంది: "అందరూ 'మీవోడు, మీవోడు' అంటారు. ఆడికి పేరుంది పంతులమ్మా. మావయ్య పేరు పెట్టాం. కోడల్ని, నేను పలక్కూడదు, మా అత్తా పలక్కూడదు. బుల్లోడా అనే పిలిచాం. మా ఆయనేమో ఆడి ఊసెత్తితే లేచిపోతాడు. పేరు పెట్టి ఏడుద్దామన్నా నాకు ఆ పేరు లేకపోయె."

భవాని ఊఁ అనలేదు. ఆ పేరు ఆమెకు తెలుసు. టీకా వేయించిన రోజు అడిగి తెలుసుకుంది.

"సింగరయ్య" అంది.

రత్తాలు ఆమె వైపు తిరిగింది. "ఇంకోసారి అను."

"సింగరయ్య."

"గట్టిగా."

"సింగరయ్యా!"

"ఎవరది?" ఇంటి వెనక నుంచి ముసలాయన గొంతు. "వస్తన్నా, వస్తన్నా!" కాలికి చుట్టుకున్న వల విదిలించుకుంటూ వచ్చి, ముగ్గురాడవాళ్ళనూ చూసి నిలబడ్డాడు. "ఏంటి? ఎందుకు పిలిచారు?"

సుబ్బాయమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుంది. "నిన్ను కాదులేవయ్యా."

"మరెవర్ని? ఈ పాలెంలో ఆ పేరు నాకేగా..." అని మధ్యలో ఆగిపోయాడు. తలగుడ్డ తీసి చేపల పక్కన కూర్చున్నాడు. "ఆణ్ణయితే ఆ పిలుపు చాలదమ్మా. ఒక్క కేకకి పలికేవాడా?"

ముసలాయన సముద్రం వైపు తిరిగి, పడవ మీదవాళ్ళను కేకేసినట్టు, తన పేరే తాను పిలిచాడు.

రత్తాలు ముందు నవ్వింది. తర్వాత ఏడ్చింది. ఎవరూ ఊరుకోమనలేదు.

ఇంటి నీడ జరిగి చేపల మీదికి వచ్చింది. రత్తాలు మొహం తుడుచుకుని లేచింది. "అన్నం తిని పో పంతులమ్మా" అంది.

భవాని కాళ్ళు కడుక్కుంది.