ఆరు మంచాలు, పన్నెండుమంది

ఆ రోజుల్లో సూరత్ పక్కన ఉధ్నాలో మా మంచాలకు విశ్రాంతి ఉండేది కాదు. గదిలో మంచాలు ఆరు, మనుషులం పన్నెండుమంది. ఆరుగురం పొద్దున ఏడింటికి సాంచాల మీదికి, అంటే మరమగ్గాల పనికి, పోయేవాళ్లం. అదే వేళకు రాత్రి పాళీ దిగిన ఆరుగురు వచ్చి మేము లేచిన మంచాల్లో పడుకునేవారు. దుప్పటి చల్లారేది కాదు. నా మంచంలో పగలు నిద్రపోయే మనిషిని మామ అని పిలిచేవాణ్ని. చుట్టం కాదు, సిరిసిల్ల వైపు మనిషి, నాకంటే ఇరవై ఏళ్లు పెద్ద. మేలుకొని ఉండగా మేము కలిసేది గడప దగ్గర రెండు నిమిషాలు, వారానికోసారి కరెంటు సెలవు నాడు మాత్రం రోజంతా. (ఆ రాత్రి పన్నెండుమందిమీ డాబా మీద వరసగా పడుకునేవాళ్లం.) మామ పోయి ఏడాది కావస్తోంది. ఆయన్ను తలచుకుంటే నాకు ముందుగా గుర్తొచ్చేది పోలీసుస్టేషను.

అంతకుముందు మా గల్లీకి పోలీసులు జీపులో వచ్చేవారు. ఆ చప్పుడు వినగానే ఏ తప్పూ చేయనివాళ్లు కూడా పరుగెత్తేవారు. ఆ ఏడు పద్ధతి మారింది. ఒక మహిళా కానిస్టేబులు నడిచి రావడం మొదలుపెట్టింది. గుజరాతీలో అక్కను పిలిచినట్టు అందరూ ఆమెను బెన్ అనేవారు. చేతిలో లాఠీ ఉండేది కాదు, చంకలో ఫారాల కట్ట ఉండేది. గల్లీలో ప్రతి మొహమూ తనకు తెలియాలని, అప్పుడే జనం భయం లేకుండా తన దగ్గరికి వస్తారని చెప్పేది. మంచి మాటే. కాని సగం గల్లీ పనిలో, సగం గల్లీ నిద్రలో ఉండే చోట మొహాలు గుర్తుపట్టడం ఎంత కష్టమో ఆమె పై అధికారులకు ఎవరూ చెప్పినట్టు లేదు.

కిరాయికి ఉండేవాళ్లు మనిషికో ఫారం నింపి ఫొటో అతికించాలి. గది యజమాని శేఠ్ ఆరుగురికే ఒప్పుకున్నాడు. ఇంటర్ పాసైనవాణ్ని నేనొక్కణ్నే కాబట్టి రాత పని నామీద పడింది. బాగా ఆలోచించాను. ఏ వేళ లెక్కపెట్టినా గదిలో నిద్రపోయేది ఆరుగురే, కనుక ఆరు ఫారాలు చాలు. అబద్ధమాడినట్టూ కాదు, శేఠ్ మాట దాటినట్టూ కాదు. (ఆ తెలివికి నేనే మురిసిపోయాను. అప్పుడు నాకు పంతొమ్మిదేళ్లు.) బెన్ సాయంత్రం ఏడు దాటాక వచ్చింది కాబట్టి ఫొటోలన్నీ పగటి పాళీ వాళ్లవే పడ్డాయి.

“మరి నేనేడున్న అల్లుడా?” అన్నాడు మామ మరునాడు గడప దగ్గర.

“నా ఫారంలనే ఉన్నవ్ మామా. మంచం ఒక్కటే గద!”

“మంచిగయింది తియ్. ఫొటోకు గడ్డం గీసుకునుడు తప్పింది.”

నెల తిరక్కుండా, పక్కనున్న సచిన్ ఊరికి పోయే బస్సులో మామ ఫోన్ ఎవరో కొట్టేశారు. గీతలు పడిన బటన్ల ఫోన్. అయినా ఆయన రెండు రోజులు సరిగ్గా తినలేదు. ఎందుకని గుచ్చి అడిగితే అప్పుడు చెప్పాడు. మా అత్త, అంటే ఆయన భార్య, చనిపోయే ముందు ఊరి నుంచి ఫోన్లో మాట్లాడిన మాటలు కొన్ని అందులో రికార్డయి ఉన్నాయట. పొద్దున్నే అవి విని పడుకునేవాడట. ఫిర్యాదు ఇచ్చాం గాని ఆశ పెట్టుకోలేదు. అయితే పోయిన ఫోన్ ఎక్కడ మోగుతోందో పట్టుకోవడం అప్పటికి పోలీసులు నేర్చుకున్నారు. రెండు నెలలకు కబురొచ్చింది. దొరికిన ఫోన్లన్నీ స్టేషను హాల్లో జనం ముందు సొంతదారులకు అప్పగిస్తారట. మామకు హిందీ అర్థమవుతుంది గాని మాట్లాడటం రాదు. నన్ను వెంటబెట్టుకుపోయాడు.

బెన్ ఫిర్యాదు కాగితం చూసింది, మామను చూసింది. “ఆ గదిలో ఉండేది ఆరుగురు. ఆరు మొహాలూ నాకు తెలుసు. ఇతను లేడు,” అంది హిందీలో. ఆమె జ్ఞాపకశక్తికి పక్కనున్న ఇన్‌స్పెక్టరు మెచ్చుకోలుగా తలూపాడు. “మీరు పడుకునే మంచం ఏది?” అని అడిగింది.

మామ నన్ను చూపించాడు. “గీ పిలగానిదే.”

“మరి ఇతను?”

“వాడు గూడ అండ్లనే పంటడు.”

నేను హిందీలోకి మార్చేసరికి హాలంతా నవ్వింది. బెన్ నవ్వలేదు. ఫోన్ పక్కన పెట్టేసింది. మామ నా భుజం పట్టుకున్నాడు. “అల్లుడా, అండ్ల మీ అత్త తిట్లున్నయని జెప్పు. ఏమేం తిట్టిందో నేన్ జెప్త, సూస్కొమ్మను.”

బెన్ వెతికి రికార్డు పెట్టింది. మామ అత్త కంటే అరమాట ముందు నడిచాడు. “ఏందయ్యా, ఇయ్యాల గూడ బువ్వ తినకుంట పన్నవా?” అని ఈయన అనగానే ఫోన్లోంచి అదే ప్రశ్న. “మిరపకాయ బజ్జీలు తినెతందుకే పుట్టినవా?” ఈయన ముందు, ఆమె వెనక. తెలుగు రానివాళ్లు కూడా విరగబడి నవ్వారు.

“ఏమంటోంది?” అంది బెన్.

“తిడుతోంది మేడం. అన్నం తినలేదని.”

“అయితే ఆమెనే రమ్మనండి. సంతకం పెట్టి తీసుకుపోతుంది.”

“ఆమె లేదు మేడం. పోయి ఎనిమిది నెలలు.”

నవ్వు ఆగిపోయింది. రికార్డు మాత్రం ఇంకా నడుస్తోంది. చివర్లో అత్త గొంతు కొంచెం తగ్గించి ఇంకో మాట అంది. “ఇదేమిటి?” అని బెన్ అడిగింది. “జాగ్రత్తగా ఉండమంది,” అన్నాను. మామ నా వైపు చూశాడు. బెన్ రికార్డు ఆపింది. తర్వాత మామ చేత వేలిముద్ర వేయించుకొని ఇచ్చేసింది.

నన్ను మాత్రం వదల్లేదు. మరునాడు పొద్దున ఏడింటికి మా గడప దగ్గర నిలబడింది. ఆరుగురం బయటికి, ఆరుగురు లోపలికి. “మంచాలు ఆరే కదా అని...” నసిగాను. “నేను మంచాల పేర్లు అడిగానా?” అంది. అక్కడికక్కడే ఇంకో ఆరు ఫారాలు రాయించింది. శేఠ్‌తో తనే మాట్లాడింది. ఆయన సణిగాడు గాని గది ఖాళీ చేయించలేదు.

అత్త చివర అన్న మాట ఇది: “నీ మంచంల పండే పోరడు నిద్రల అమ్మా అమ్మా అని ఏడుస్తుండంటివి గద, జర సూడు వాన్ని.” డాబా మీద పడుకున్న రాత్రుల్లో మామ విన్నట్టున్నాడు. మేమిద్దరం ఒకే మంచం వాళ్లమని చెప్పడానికి అంతకంటే సాక్ష్యం లేదు. కాని నిండు హాల్లో, పోలీసుల ముందు, అప్పుడప్పుడే మీసం వస్తున్న నేను ఆ మాట ఎలా చెప్పను? చెప్పలేదని మామకు తెలుసు. ఫోన్ ఇంకా చేతికి రాలేదనీ తెలుసు. అయినా నా పరువు కోసం నోరు మూసుకున్నాడు. ఆ తర్వాత ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా ఆ ఊసెత్తలేదు. ఇవాళైతే ముక్క వదలకుండా చెబుతాను, కావాలంటే గుజరాతీలో కూడా. అడిగేవాళ్లే లేరు.