అప్పలకొండమ్మ అరువు పిల్లలు

నర్సీపట్నం శివారు సర్కారు బడిలో అప్పలకొండమ్మ మధ్యాహ్న భోజనం సాంబారుకు పోపు పెడితే, నాతవరం వెళ్ళే షేర్ ఆటోలు వాటంతటవే ఆగిపోయేవి. ప్రయాణికులు దిగి, వాసన కడుపు నిండా పీల్చి, మళ్ళీ ఎక్కేవారు. ఆ రోజుల్లో పళ్ళేలు పట్టుకున్న పిల్లల వరస రోడ్డు దాకా ఉండేది.

తరవాత కాన్వెంటు వాళ్ళ పసుపుపచ్చ బస్సు వీధిలోకొచ్చింది. ఇంటింటా పిల్లల్ని ఏరుకుపోయింది. ఫీజు కట్టలేని ఇళ్ళ పిల్లలే బడికి మిగిలారు. పెద్ద గిన్నె అటకెక్కింది.

ఇప్పుడు మరో కబురు. గురువారం ఆఫీసరు వస్తాడు. పిల్లలు చాలకపోయినా, ఉన్నవాళ్ళకు చదువు రాకపోయినా బడి ఎత్తేస్తారు. బడి పోతే గరిట పోతుంది. ఆ గరిట మీదే అప్పలకొండమ్మ, తల్లి లేని మనవరాలు బేబి బతుకుతున్నారు.

"మన గుంటలకి రెండో ఎక్కం రాదే," అన్నాడు రాజాబాబు మాస్టారు, తల పట్టుకుని.

"మీరు సెప్తే కదేటండి వొచ్చీది!"

అని ఊరుకోలేదు, ఉపాయమూ ఆవిడే చెప్పింది. కాన్వెంటు యజమాని కొత్త మేడలో ఆ గురువారమే పాలు పొంగిస్తున్నాడు; వాళ్ళకి సెలవు. ఆ పిల్లల్నే పట్టుకొస్తే సరి. ఇల్లిల్లూ తిరిగి తల్లుల్ని బతిమాలింది.

"ఒక్క పూటమ్మా. రెండేసి గుడ్లు ఎడతాను."

"మా పాపకి సర్కారు బట్టలేటి? ఉతికినవేనా?" అంది రోజారమణి, ముక్కు చిట్లించి.

"నానే ఉతికి ఇస్త్రీ సేత్తానమ్మా."

గురువారం పొద్దున్నే బడి సొంత పిల్లల యూనిఫారాలు విప్పించి అరువు పిల్లలకు తొడిగింది. పేర్లు కూడా బడి పిల్లలవే అంటగట్టింది. సొంతవాళ్ళను బడి వెనక జీడితోటలోకి తోలింది. బేబి కదల్లేదు.

"నాదీ ఈ బడే కదే, మామ్మా?"

"నీకు సదువు రాదు. నువ్వు కనపడితే బడి పోద్ది. బేగి నడు! తోటలోంచి కదిలితే వాత ఎడతాను."

ఆఫీసరు రాగానే పిల్లలంతా లేచి ఒకే రాగంలో గుడ్‌మార్నింగ్ పాడారు. రోజారమణి కూతురు ముందుకొచ్చి, "మై నేమ్ ఈజ్ బేబి," అంది. జీడితోట దాకా వినిపించింది.

ఆఫీసరు మురిసిపోయాడు. సాంబారు రెండుసార్లు పోయించుకున్నాడు. అరువు పిల్లలు గుడ్లన్నీ మింగారు. గోడ వెనక సొంతవాళ్ళు వాసన పీల్చారు.

"ఇలాంటి మెరికల్ని ఒక్క మాస్టారితో ఇక్కడ ఉంచడం అన్యాయమండీ," అన్నాడు ఆఫీసరు, మూతి తుడుచుకుంటూ. "టౌన్లో పెద్ద బడిలో కలిపేద్దాం. మీరూ అక్కడికే వచ్చేయండి."

"చిత్తం సార్," అన్నాడు మాస్టారు, మరీ తొందరగా.

"మరి నానో, బాబూ?"

"అక్కడ వంటవాళ్ళున్నారమ్మా. సాంబారు మాత్రం అద్భుతం!"

అప్పలకొండమ్మ నోరు తెరిచింది. వీళ్ళు మా పిల్లలు కారని చెబితే బడి పోతుంది. చెప్పకపోయినా పోయింది. నోరు మూసుకుంది.

జీపు వెళ్ళిపోయింది. అరువు పిల్లలు యూనిఫారాలు విప్పి కుప్పగా పారేసి, ఇళ్ళకు పరుగెత్తారు. మాస్టారు బడికి తాళం వేసుకున్నాడు.

బేబి జీడితోటలోంచి వచ్చి, కుప్పలో తన గౌను వెతుక్కుంది. ఛాతీ దగ్గర సాంబారు మరక. అలాగే తొడుక్కుంది.

"మామ్మా, నాను కదలకుండా కూకున్నాను. బడి ఉండిపోయినట్టేనా?"

అప్పలకొండమ్మ ఖాళీ గిన్నెను కాలితో దాని వైపు తోసింది.

"నోర్ముయ్. తోము."