తెగిన చోటే ముడి

వరంగల్ కాశిబుగ్గ నేతవాడలో ప్రసన్న మొదటి గెలుపు మగ్గం మీద కూర్చోవడం. 1989లో, పంతొమ్మిదేళ్ల కోడలిగా. ఆడవాళ్లు కండెలు చుడితే చాలని మామ సుందర్ రావు గొడ్డలి పట్టుకుని మగ్గం నరకడానికి వచ్చాడు. ఆమె చేతిలో పంజా ఉంది. జంపఖానా నేసేటప్పుడు పోగులను దిగగొట్టే ఇనుప పళ్ల పనిముట్టు అది. గొడ్డలి లేచేలోపే పంజా దిగింది. ముసలాయన మణికట్టు చీలి నెత్తురు నిలువుపోగుల మీద చిమ్మింది. ఆమె ఆ పోగులనే నేసి ముగించింది. ఏడాది తిరక్కుండా వాడలో మరో ఆరుగురు ఆడవాళ్లు మగ్గమెక్కారు. నేత సంఘానికి మొదటి మహిళా డైరెక్టరు ఆమే. చర్చిలో పీఠం ముందు పరిచే పద్దెనిమిది అడుగుల జంపఖానా ఆమె చేతిదే.

నిరుడు భర్త జోయెల్ గుండె దవాఖానలో రెండుసార్లు ఆగి మళ్లీ కొట్టుకుంది. ఆయన బతికితే రోమ్‌లో పునీత పేతురు సమాధి దాకా నడుస్తానని, దారిలో బండెక్కనని ఆమె మొక్కుకుంది. అక్క బిడ్డ జ్యోతి ఇటలీలో నర్సు. అక్కడి సియెనా ఊరి నుంచి రోమ్‌కు పాత యాత్రికుల బాట ఉందని చెప్పి, తనూ సెలవు పెట్టి వెంట నడిచింది. సమాధికి తాకించి తెద్దామని ప్రసన్న పంజాను సంచిలో పెట్టుకుంది.

ఐదో రోజు పొద్దున, కోసిన గోధుమ మళ్ల నడుమ గొర్రెల మంద ఎదురైంది. దూడలంత తెల్ల కుక్కలు రెండు మొరుగుతూ వచ్చాయి. ప్రసన్న మన దగ్గర ఎవరైనా చేసే పనే చేసింది. రాయి కోసం వంగింది. వరంగల్‌లో వంగితే చాలు, కుక్క మళ్లీ కనిపించదు. ఈ కుక్కలకు రాయి దెబ్బ తెలియదు. మందలో వంగినవాడు గొర్రెపిల్ల దొంగే వాటి లెక్కలో.

మొదటిది పిక్క పట్టి కంకరలో ఈడ్చింది. రెండోది సంచి చీల్చింది. పంజా జారి కిందపడింది. ఆమె దాన్ని అందుకుని మొదటిదాని మూతి మీద ఒకటి వేసింది. కోర విరిగినా కుక్క వెనక్కి తగ్గలేదు. ఈసారి గొంతుకే ఎగిరింది. ఎడమ మోచెయ్యి దాని నోట్లోకి తోసి, కుడిచేత్తో కంటి మీద దిగగొట్టింది. అది కుయ్యోమంటూ పడిపోయింది. కాపరి పరుగున వచ్చి రెండోదాని మీద పడ్డాడు. ప్రసన్న పిక్క కండ వేలాడుతోంది, బూటు నెత్తుటితో నిండింది.

కాపరి కారు తెచ్చాడు. ప్రసన్న ఎక్కనని కూర్చుంది.

“కాలు కుళ్లితే రోమ్‌కు దేంతోని నడుస్తవ్ చిన్నమ్మా?” అంది జ్యోతి.

ప్రసన్న, వంగినప్పుడు చేతికందిన రాయిని నెత్తురు పడిన చోట పెట్టింది. “ఎక్కుత. కుట్లేపిచ్చి మల్ల గీ రాయి కాడనే దించాలె. పోగు తెగిన కాడనే ముడేస్తం గని, జానెడు ఇడిశిపెట్టి నేస్తమా బిడ్డా?”

పంతొమ్మిది కుట్లు పడ్డాయి. జోయెల్ ఫోన్‌లో అంతా విన్నాడు. “అక్కడి కుక్కతోని గూడ కొట్లాడినవా? నేనొక్కణ్ని సాల్లేదా నీకు?” అన్నాడు.

వారం తర్వాత అదే కాపరి అదే కారులో తెచ్చి రాయి పక్కనే దించాడు. ప్రసన్న కుంటుతూ మొదటి అడుగు వేసింది. అక్టోబరు తొమ్మిది తిరుగు టికెట్టు మారింది. ఆమెను తీసుకురావడానికి జోయెల్ కాజీపేట స్టేషనుకు వెళ్లాల్సింది ఇప్పుడు అక్టోబరు 17, శుక్రవారం.